జేబు లేనివాళ్ళ చాకు

చాకు అన్న మాట మనది కాదు. పర్షియన్ వాళ్ళది. ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చి, నిమ్మకాయలు కోస్తూ, పెన్సిళ్ళు చెక్కుతూ ఎప్పుడు మనదైపోయిందో మనకే తెలీదు. కత్తిపీట మనది, అడకత్తెర మనది, కొడవలి మనది. మడిచి జేబులో వేసుకునే ఈ చిన్న కత్తి మాత్రం అరువు పేరుతోనే బతుకుతోంది.

అయితే ఈ అరువు ఊరికే తెచ్చుకున్నది కాదు. బదులుగా మనం ఒక మాట ఇచ్చాం. ఇంగ్లీషు నిఘంటువుల్లో ‘వూట్జ్’ అని ఒక వింత మాట కనబడుతుంది. హిందూదేశపు ఉక్కు అని దానికి అర్థం. అది మన ‘ఉక్కు’ అన్న మాటే. కన్నడంలోనూ ఉక్కే, తెలుగులోనూ ఉక్కే. దొరల చెవిన ఎలా పడిందో, అచ్చులో ఏ అక్షరం తారుమారైందో గానీ, 1795లో లండనులో అచ్చయిన ఒక శాస్త్ర వ్యాసంలో మొదటిసారి ‘వూట్జ్’గా అవతరించింది. పనిముట్టు పేరు వాళ్ళ దగ్గర తీసుకున్నాం, లోహం పేరు వీళ్ళకి ఇచ్చాం. లెక్క సరిపోయిందనే నా ఉద్దేశం.

జేబు చాకు గురించి ఆడది రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. మనకి జేబులెక్కడివి? నిజమే. మా తాతగారి తరం మగవాళ్ళ మొలలో మడత చాకు ఉండేది. పొగాకు కాడ కోయడానికి, పంటిపుల్ల చెక్కుకోవడానికి, మనవలకి మామిడికాయ ముక్కలు చేసిపెట్టడానికి ఆ చాకే. ఆడవాళ్ళ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది. తరిగే పనంతా మనదీ, జేబులో కత్తి వాళ్ళదీ! కత్తిపీట ముందు కూర్చోకుండా చేసే తరుగుడు మగవాళ్ళకి ఒక దర్జా కాబోలు.

ఈ మధ్య మా మేనకోడలు ఉద్యోగానికి వేరే ఊరు వెళుతూ, “అత్తా, హాస్టల్లో పళ్ళు కోసుకోవడానికి ఒక మంచి మడత చాకు కొనిపెట్టవూ” అంది. కొట్టుకి వెళ్తే అతను పది చాకులు పరిచాడు. అన్నీ తళతళలాడుతున్నాయి. “ఏం ఉక్కండీ ఇది?” అన్నాను. “స్టీలేనమ్మా” అన్నాడు. అంతకంటే చెప్పలేకపోయాడు. అతని తప్పేం లేదు, అంతకంటే అడిగినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి ఆ సంగతేమిటో చదువుదామని కూర్చున్నాను. ఆ చదువు నన్ను లండను దాకా తీసుకుపోయి, నిజామాబాదు జిల్లాలో దింపింది.

లండను సంగతి ముందు చెబుతాను.

ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు పక్షి ఈకతో రాసేవారు. ఈక మొన గంట గంటకీ మొద్దుబారుతుంది. మళ్ళీ చెక్కుకోవాలి, చీలిక పెట్టుకోవాలి. అందుకే రాతగాడన్న ప్రతివాడి దగ్గరా చిన్న మడత చాకు ఉండేది. ‘పెన్ నైఫ్’ అన్న పేరు అలా వచ్చింది. మనం తాటాకు మీద గంటంతో రాసినన్నాళ్ళూ ఈ బాధ లేదు. ఈక చెక్కే చాకుకి అంచు క్షవరం కత్తిలా ఉండాలి, లేకపోతే ఈక నలిగిపోతుంది. అంచేత ఏ ఉక్కు అంచు ఎక్కువకాలం నిలుస్తుందన్నది వాళ్ళకి కులాసా కబురు కాదు, నిత్యావసరం.

1790లలో బొంబాయిలో హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన లండనులో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి ఈ దేశపు ఉక్కు ముద్దలు కొన్ని పంపించాడు. బ్యాంక్స్ వాటిని పరీక్షించమని జార్జి పియర్సన్ అనే ఆయనకి ఇచ్చాడు. పియర్సన్‌కి రసాయనశాస్త్రం తెలుసుగానీ కొలిమి పని తెలీదు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాణ్ణి పిలిచి, దీనితో ఒక పెన్ నైఫ్ చేసి పెట్టమన్నాడు. చూశారా, మన ఉక్కుకి సీమలో పెట్టిన పరీక్ష యుద్ధఖడ్గం కాదు, ఈక చెక్కుకునే చిన్న చాకు!

పని తేలిగ్గా జరగలేదు. ఈ ఉక్కులో కార్బన్ నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ళ దాకా ఉంటుంది. మామూలు ఉక్కుని కాల్చినట్టు తెల్లగా కాలిస్తే సమ్మెట కిందే ముక్కలైపోతుంది. చాలామంది కమ్మరులు అలాగే పాడుచేసుకుని, ఇది పనికిరాని సరుకని పారేశారు. స్టోడార్ట్ ఓపికగా, చీకట్లో చూస్తేగానీ తెలియనంత మందమైన ఎరుపులో సాగగొట్టి చాకు చేశాడు. అది మేలైన సీమ ఉక్కు చాకుకి ఏ మాత్రం తీసిపోలేదు. స్టోడార్ట్ అక్కడితో ఆగలేదు. ఏళ్ళ తరబడి పోల్చి చూసి, యూరపులోని అన్ని ఉక్కులకంటే హిందూదేశపు ఉక్కే తనకిష్టమని దుకాణం కార్డు మీదే అచ్చువేయించుకున్నాడు. కత్తులు అమ్ముకు బతికేవాడు పొరుగుదేశపు సరుకుని తన కార్డు మీద మెచ్చుకున్నాడంటే అది ఉత్త మర్యాద మాట అయి ఉండదు.

ఆ చాకు మన తెలుగువాళ్ళ ఉక్కుతో చేసిందేనని మాత్రం నేను పేచీ పెట్టను. ఉక్కు వండిన ఊళ్ళు మైసూరు సీమలోనూ ఉన్నాయి, సేలం వైపూ ఉన్నాయి, సింహళంలోనూ ఉన్నాయి. ఎక్కడ ఏ మంచి వస్తువు కనబడినా అది మనదేనని చెయ్యి వేసే అలవాటు మనకి కాస్త ఎక్కువ. మనదని రుజువున్న కథ మనకి వేరే ఉంది, వస్తున్నాను.

స్టోడార్ట్ ముసలివాడయ్యాక ఒక కుర్రవాడు తోడయ్యాడు. కమ్మరి కొడుకు. పేరు మైకేల్ ఫారడే. తరువాతి కాలంలో విద్యుత్తు మీద పరిశోధనలతో ప్రపంచాన్ని మార్చిన ఆ ఫారడేనే. ఆయన 1819లో ఈ ఉక్కుని విడదీసి చూసి, దీని గొప్పతనమంతా ఇందులో కలిసిన సిలికా, అల్యూమినాల వల్లనని తేల్చాడు. అది సరి కాదు. కానీ ఆ పొరపాటే మహోపకారం చేసింది. ఏదో కలిస్తే ఉక్కు బాగుపడుతోంది, అయితే మనమూ కలిపి చూద్దాం అని ఇద్దరూ కూర్చుని ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, నికెలు, క్రోమియం కలుపుతూ పోయారు. రోడియం కలిపిన ఉక్కుతో క్షవరం కత్తులు చేయించి ఫారడే మిత్రులకి కానుకలిచ్చాడు. (ఆ మిత్రుల భార్యలకి ఏమిచ్చాడో చరిత్రలో లేదు.) వీళ్ళ వ్యాసాలు చదివి ఫ్రాన్సులో పియర్ బెర్తియే అనే ఆయన 1821లో క్రోమియం కలిపిన ఉక్కు చేసి, ఇది ఆమ్లాలకి అంత తేలిగ్గా లొంగడం లేదనీ, కత్తులకి బాగుంటుందనీ అన్నాడు. అప్పటికి ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

తొంభై ఏళ్ళ తరువాత ఎక్కింది. ఇంగ్లండులో షెఫీల్డు కత్తులకి పెట్టింది పేరు. అక్కడ హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకి గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, 1913 ఆగస్టులో నూటికి సుమారు పదమూడు పాళ్ళు క్రోమియం ఉన్న ఉక్కు కరిగించాడు. తుపాకులకి ఏమయిందో గానీ, ఆ ముక్క మీద మరక పడటం లేదని గమనించాడు. నిమ్మరసం పోశాడు, వినిగరు పోశాడు, చెక్కు చెదరలేదు. అది మన వంటింటి పరీక్షే కదండీ! దీనితో కత్తులు చేయండయ్యా అంటే షెఫీల్డు పనివాళ్ళు నవ్వారు. మరక పడదు సరే, తెగదు కూడానని వెక్కిరించారు. చివరికి ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల మేనేజరు పట్టుబట్టి చేయించి, స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టాడు. పాత పట్టుచీరలిచ్చి గిన్నెలవాడి దగ్గర మనం మోజుగా తీసుకున్న స్టీలు సామాను కథ అక్కడ మొదలయింది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఇది తెలిస్తే కొట్లో మోసపోం. గిన్నెల స్టీలు వేరు, కత్తి స్టీలు వేరు. మేలురకం గిన్నెల స్టీలులో క్రోమియంతో పాటు నికెలు కూడా కలుపుతారు. అది చక్కగా సాగుతుంది, మెరుస్తుంది, తుప్పు పట్టదు. కానీ ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. గట్టిపడనిది అంచు నిలుపుకోదు. కత్తి స్టీలులో క్రోమియంతో పాటు చాలినంత కార్బన్ ఉండాలి, కాల్చి చల్లారిస్తే గట్టిపడాలి. ఈ రెంటినీ పట్టిచ్చే ఉపాయం మన ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. అయస్కాంతం బొమ్మ ఒకటి సంచీలో వేసుకు వెళ్ళండి. కత్తి స్టీలుకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. గిన్నెల స్టీలు రేకుని కత్తి ఆకారంలో కోసి అమ్మితే, దానికి అంటుకోదు, అంటుకున్నా అంతంతమాత్రమే. అంటుకున్నదల్లా మంచి చాకని కాదు. అంటుకోనిది మాత్రం పక్కన పెట్టేయొచ్చు. ఆ కొట్లో పదింటిలో మూడు అలా తేలాయి. కొట్టతను నావైపు కొత్తగా చూశాడు.

మిగిలినవాటిలో ఏది? అసలు చిక్కు అక్కడే. క్రోమియం లేని ఉత్త కార్బన్ ఉక్కు చాకు అయితే సన్నటి అంచు తీసుకుంటుంది, సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ కొత్తదవుతుంది. కానీ మామిడికాయ కోసి తుడవకుండా పెడితే తెల్లారేసరికి నల్లగా మచ్చలు, ఆపైన తుప్పు. స్టెయిన్‌లెస్ చాకుకి ఆ బెడద లేదు. మొద్దుబారితే దాన్ని దారికి తేవడం కాస్త శ్రమ. మరీ గట్టి ఉక్కయితే అంచు పెళుసై రాలుతుంది, మరీ మెత్తనయితే అంచు మడత పడుతుంది. గట్టిదనమూ సాగే గుణమూ రెండూ ఒకేచోట కావాలంటే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. సంబంధాలు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

ఉక్కు ఎంత మంచిదైనా పదును సరిగా పెట్టకపోతే వృథా. ‘పదును’ అన్న మాట చూడండి, ఎంత తెలివైనదో. వానపడ్డ నేల దుక్కికి సిద్ధంగా ఉంటే పదునంటాం. కత్తికీ పదునే అంటాం. కమ్మరి పదును కూడా నీళ్ళతోనే కదా. ఎర్రగా కాల్చిన ఉక్కుని నీళ్ళలోనో నూనెలోనో ముంచితే గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే గాజులాగే పగులుతుంది. అందుకని మళ్ళీ సన్నని సెగ మీద పెడతారు. రుద్ది తెల్లబరిచిన ఉక్కు మీద అప్పుడు రంగులు నడుస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమరంగు, ఊదా, చివరికి నీలం. చాకు అంచుకి ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి. నీలం దాకా పోనిస్తే గట్టిదనం తగ్గి, వంచితే వంగి తిరిగొచ్చే స్ప్రింగు గుణం వస్తుంది. పాకం పట్టడం తెలిసిన చెయ్యికి ఈ విద్య అర్థమవుతుంది. తీగపాకం, ఉండపాకం మధ్య ఎంతసేపు ఉంటుంది?

మడత చాకులో ఈ రెండు పదునులూ ఉంటాయి. అది నాకు చాలా నచ్చిన సంగతి. కత్తి ఒక ఉక్కు, వెనకాల పిడిలో దాన్ని టక్కున నిలబెట్టే బద్ద మరో ఉక్కు. ఒకటి గట్టిది, రెండోది వంగేది. తెరిచినప్పుడు ఆ ‘టక్’ అనే చప్పుడు తేలిపోతే ఆ చాకు కొనకూడదు, ఎప్పుడో వేళ్ళ మీద మూతపడుతుంది. ఫ్రాన్సులో సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో ఈ బద్ద కూడా లేకుండా, కొయ్యపిడి, కత్తి, ఒక మేకు, పిడికి ఒక పట్టీ, అంతటితో సరిపెట్టి రైతుల చాకు చేశాడు. తెరిచిన కత్తి కదలకుండా తిప్పి బిగించే ఉంగరం 1955లో చేరింది. ఈనాటికీ అదే రూపం, కార్బన్ ఉక్కుతోనూ స్టెయిన్‌లెస్‌తోనూ రెండు రకాలుగా వస్తోంది.

స్విస్ సైనికుల చాకు సంగతి అందరికీ తెలిసిందే. ఎర్రపిడి, తెల్ల శిలువ, లోపల సగం వడ్రంగి సామాను. కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలుపెట్టాడు. జర్మనీవాళ్ళు అంతకంటే చవగ్గా ఇస్తామంటే దాదాపు దివాలా తీశాడు. బంధువులు ఆదుకున్నారు. 1897లో అధికారుల చాకుకి హక్కు నమోదు చేసుకున్నాక నిలదొక్కుకున్నాడు. తల్లి విక్టోరియా 1909లో పోతే ఆమె పేరు కంపెనీకి పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు రాగానే, ఫ్రెంచిలో ఆ ఉక్కుకున్న ‘ఇనాక్స్’ అన్న పొట్టిపేరు దాని పక్కన చేరి విక్టోరినాక్స్ అయింది. ప్రపంచంలో మగవాళ్ళ జేబుల్లో తిరుగుతున్న ఆ చాకు మీద సగం పేరు ఒక తల్లిదన్నమాట. మగవాళ్ళలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

మేనకోడలికి నేను కొన్నది స్టెయిన్‌లెస్ చాకే. అరచేతిలో పట్టేంత, తాళం పడే రకం. హాస్టలు పిల్ల కోసిన కత్తి వెంటనే తుడుస్తుందన్న నమ్మకం నాకు లేదు. నాకోసం కొనుక్కుంటే కార్బన్‌దే కొనేదాన్ని. విమానంలో వెళితే చేతిసంచీలో పెట్టుకోవద్దనీ, సామానులో వేసేయమనీ కూడా చెప్పాను. తీసేసుకుంటారు.

ఇక నిజామాబాదు. ఆ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరు. పేరులో సముద్రముంది గానీ సముద్రానికి ఎంతో దూరం. పదిహేడో శతాబ్దంలో మనదేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి పర్షియాకి ఉక్కు వెళ్ళేదని రాశాడు. నీళ్ళ అలల్లాంటి గీతలు తేలే డమాస్కస్ కత్తులకి కావలసింది ఆ ఉక్కే. ఆ ఉక్కు వండిన ఊళ్ళలో ఇదొకటి. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, రాళ్ళూ ఖనిజాలూ పరిశీలిస్తూ తిరిగినవాడు, ఇక్కడి పని చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసింది 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

పద్ధతి ఇది. రెండుచోట్ల తీసిన రెండు రకాల ఇనుమును లెక్కప్రకారం కలిపి మట్టి మూసలో పెట్టేవారు. మూతపెట్టి మెత్తి, కొలిమిలో బొగ్గుల మధ్య ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. ఆ మూస మట్టిలో వరిఊక కలిపేవారు. 1980లలో అమెరికా పరిశోధకురాలు తెల్మా లో ఆ మూసల ముక్కలు పరీక్షించి, ఊక కాలి మిగిలిన నల్లటి బొగ్గే మూసకి అంత వేడిని తట్టుకునే బలం ఇచ్చిందని చూపించింది. మనం పొయ్యిలో వేసి మరిచిపోయే ఊక! ఇంగ్లండులో ఇలా మూసలో ఉక్కు కరిగించే విద్య పట్టుబడింది 1740లలో. డాంకాస్టరులో గడియారాలు బాగుచేసే బెంజమిన్ హంట్స్‌మన్ కనిపెట్టాడు. మన కమ్మరులకి అది అప్పటికే తాతలనాటి విద్య.

ఆ ఉక్కు పని ఎందుకు పోయిందని అడిగితే ఒక్క జవాబు చాలదు. షెఫీల్డు ఉక్కు చవగ్గా వచ్చిపడింది. తుపాకులొచ్చాక ఖడ్గాల గిరాకీ తగ్గింది. ఒక్క కొలిమికే ఎంతో బొగ్గు కావాలి, బొగ్గుకి అడవి కావాలి. కమ్మరులు రహస్యం ఎవరికీ చెప్పకుండా చచ్చిపోయారని ఒక మాట వాడుకలో ఉంది. నాకది నచ్చదు. అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి ఏళ్ళపాటు ఇలాంటి ఉక్కు వండి చూశారు. ఖనిజంలో వనేడియంలాంటి ధాతువు అతి స్వల్పంగా ఉంటేనే ఆ అలల గీతలు తేలుతున్నాయని 1998లో ప్రకటించారు. అంటే, ఆ గనిలో ఆ ఖనిజం అయిపోతే, చెయ్యి అదే, కొలత అదే, కొలిమి అదే అయినా గీతలు రావు. ఎందుకు రాలేదో చేసినవాడికీ తెలీదు. మామ్మగారి కొలతలతోనే ఆవకాయ పెట్టినా, కారం వేరే ఊరిదైతే ఆ రుచి రాదు. అప్పుడు మామ్మ ఏదో దాచిందని అనుకుంటామా?

2010లో మనదేశపు, బ్రిటనుదేశపు పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణాలో ఊరూరా తిరిగారు. కోనసముద్రం చుట్టుపక్కలే కాదు, ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో, చెరువుగట్ల దగ్గర చిట్టెం కుప్పలూ పగిలిన మూసలూ లెక్కపెట్టి రాసుకున్నారు. చాలాచోట్ల అవి చదునయి పొలాల్లో కలిసిపోతున్నాయి.

వాయిసీ వెళ్ళినప్పుడు మాత్రం ఆ ఊళ్ళో సందడిగా ఉంది. పర్షియాలోని ఇస్ఫహాను నుంచి వచ్చిన ఒక హాజీ వర్తకుడు అక్కడ మకాం పెట్టి ఉన్నాడు. అంతకుముందు కూడా వచ్చి ఉక్కు కొనుక్కుపోయినవాడే. కాల్చేటప్పుడు, తూచేటప్పుడు దగ్గరుండి చూసుకునేవాడు. ఇంత దూరం ఎందుకయ్యా రావడం, అక్కడే చేసుకోలేరా అంటే, చేసి చూశామనీ, ఇలాంటిది రాలేదనీ చెప్పాడు. ముద్దలు కట్టించుకుని మళ్ళీ ఆ దారినే ఇస్ఫహానుకి వెళ్ళిపోయేవాడు. చాకు అన్న మాట మన ఊళ్ళకి మోసుకొచ్చింది ఆ దారిన వచ్చినవాళ్ళేనేమో.